పాత లెన్సును తుక్కుకు వేయకండి

సంపాదక మహాశయా,

ఊళ్లలో పాత ఫొటో స్టూడియోలు మూతపడినప్పుడు రీలు కెమెరాలతో పాటు వాటి లెన్సులూ కిలోల లెక్కన తుక్కు కొట్టుకు పోతున్నాయి. రీలు కెమెరా వాడేవాళ్లు తగ్గిపోయారు, నిజమే. దాని ముందున్న గాజుకు మాత్రం ఇంకా ఆయుష్షు ఉంది. స్టూడియోల వారికీ, కొత్తగా కెమెరా కొన్న పిల్లలకూ ఈ మాట మీ పత్రిక ద్వారా చేరాలని రాస్తున్నాం.

హీలియోస్ 44-2నే తీసుకోండి. సోవియట్ జెనిత్ కెమెరాలతో వచ్చిన 58 మిల్లీమీటర్ల లెన్సు. జర్మనీ కార్ల్ జైస్ వారి బయోటార్ నమూనాలో చేసింది. వెనకాల 42 మి.మీ. మర ఉంటుంది. ప్రాక్టికా, పెంటాక్స్, యాషికా, చినాన్ కూడా ఒకప్పుడు ఇదే మర వాడాయి. ఇప్పటి లెన్సులు అలా కాదు, సోనీ వాళ్లది కెనాన్ వాళ్లకు ఎక్కదు. మర లెన్సుకైతే లెన్సును కెమెరాకు కలిపే రింగు, అంటే ఎవరి కెమెరాకు తగ్గ అడాప్టర్ వాళ్ల దగ్గరుంటే చాలు, ఒక్క పొద్దులో నలుగురి చేతులు మారుతుంది. ఈ లెన్సుల చుట్టూ స్నేహాలు ఇట్టే అల్లుకోవడానికి అసలు కారణం ఇదేనని మా నమ్మకం. పైగా ఆటోఫోకస్ లేదు. ఎదుటి మనిషి కాసేపు కదలకుండా ఉండాలి, తీసేవాళ్లు రింగు తిప్పుకుంటూ ఉండాలి. ఆ అర నిమిషంలో మాటలు కలుస్తాయి.

అడాప్టర్ దగ్గర చాలామంది మోసపోతారు. ఈ లెన్సు ఆనే చోటికీ, కెమెరాలో బొమ్మ పట్టే సెన్సర్‌కూ మధ్య 45.46 మి.మీ. దూరం ఉండాలి. లోపల అద్దం లేని సోనీ మిర్రర్‌లెస్‌లో ఉన్నది 18 కనుక మిగతా 27.46 అడాప్టర్ పూడుస్తుంది. లోపల అద్దం ఉండే కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లో 44, పలచని రింగు సరిపోతుంది. సెన్సర్ రీలు ఫ్రేమంత ఉండే ఫుల్‌ఫ్రేమ్ అయితే కొన్ని లెన్సుల వెనక భాగం లోపలి అద్దానికి తగులుతుంది, జాగ్రత్త. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లో 46.5 కావడంతో లెన్సు ముందుకు జరిగిపోయి, రెండు మూడు మీటర్ల అవతలిదేదీ పదునుగా రాదు. నికాన్ ఉన్నవాళ్లు నికాన్ పాత లెన్సులే వెతుక్కోవడం మేలు. అందులోనూ 1977కు ముందువి బలవంతంగా బిగిస్తే కొన్ని బాడీల మీద ఉండే చిన్న నాలుక, వెలుగు కొలిచే మీటరుకు అపర్చర్ తెలిపేది, విరుగుతుంది.

బిగించాక మెనూలో లెన్సు లేకున్నా షట్టర్ పడే ఆప్షన్ ఆన్ చేయాలి. కెమెరా బాడీలో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఉంటే దానికి 58 అని చెప్పాలి. మనిషిని ఒకటిన్నర మీటర్లలో నిలబెట్టి, వెనక నాలుగైదు మీటర్ల దూరంలో ఎండ చొరబడే వేపచెట్టు ఉండేలా చూసుకుని, వెలుగు వచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, పూర్తిగా తెరిచి 2 దగ్గర తీసి చూడండి. ఆకుల మధ్య వెలుగు చుక్కలు అంచుల్లో బాదం గింజల్లా సాగి, ముఖం చుట్టూ సుడి తిరుగుతాయి. ఏటవాలుగా వచ్చే వెలుగును లెన్సు గొట్టం కొంత కోసేయడం వల్ల వచ్చే అందం అది. చిన్న సెన్సర్ కెమెరాల్లో అంచులు తెగిపోతాయి కాబట్టి సుడి అంతగా కనిపించదు.

కొనే ముందు సెల్‌ఫోన్ టార్చి చాలు. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి వెలుగు వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడాలి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. పలచగా మంచు పట్టినట్టుంటే ఆవిరైన గ్రీజు పొర. అంచున ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే రెండు గాజులను కలిపిన జిగురు ఊడుతోందని అర్థం, అలాంటిది వదిలేయండి. రెండు మూడు ధూళి రేణువులకు భయపడనక్కర్లేదు, ఫొటోలో కనిపించవు.

కాకినాడ, విశాఖ, బందరు లాంటి తీరప్రాంతాల్లో ఫంగస్సే పెద్ద శత్రువు. లెన్సుతో వచ్చిన తోలు కేసులో దాచడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు, తోలు చెమ్మ పట్టి బూజును పెంచుతుంది. బియ్యం డబ్బాలోనూ వద్దు, తవుడు దుమ్ము లోపలికి పోతుంది. గాలి చొరని పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, చెమ్మ పీల్చే నీలం సిలికా జెల్ పావుకిలో, తేమ చూపే చిన్న మీటరు కొనండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. జెల్ గులాబీ రంగుకు మారితే, వంటకు వాడని పళ్లెంలో సన్నని సెగ మీద మళ్లీ నీలం వచ్చేదాకా వేడి చేయాలి.

శుభ్రం చేయడానికి లెన్సును విప్పే పని దగ్గర ఒక్క మాట. ఫోకస్ రింగు లోపలి మరకు చాలా మొదళ్లు, అంటే గాడి మొదలయ్యే చోట్లు, ఉంటాయి. విప్పుతుంటే రెండు ముక్కలూ ఏ క్షణాన విడిపోతాయో సరిగ్గా అక్కడ సూదితో రెండింటి మీదా గీత గీయాలి. గీయకుండా విప్పితే తిరిగి ఎక్కుతుంది, బిగుసుకుంటుంది, కానీ దూరపు వస్తువు పదునుగా రాదు. ఒక్కొక్క మొదలూ మార్చి చూస్తూ రోజంతా కూర్చోవాలి. ఈ పని తెలిసిన పాత మెకానిక్కులు మన పట్టణాల్లో ఇంకా కొందరు ఉన్నారు. కుర్రాళ్లు వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

స్టూడియోల వారికి మా విన్నపం: ఆగస్టు 19న, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు, బీరువాలో ఉన్న లెన్సులన్నీ తీసి కొట్టు ముందు ఒక బల్ల మీద పరచండి. వచ్చినవాళ్లు తలా ఒక అడాప్టర్, ఒక టార్చి తెచ్చుకుంటారు.

– పాత లెన్సుల అభిమానులు కొందరు, కాకినాడ