చిన్న తరగతుల భూగోళం గురించి అనంతపురం మిత్రునికి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. అమ్మగారి మోకాళ్ళ నొప్పి తగ్గుముఖం పట్టిందని చదివి మనసు కుదుటపడింది. ఇక్కడ మేమంతా కులాసా. నీవు క్షేమసమాచారాలు రెండు వాక్యాలలో ముగించి మిగిలిన కాగితమంతా చిన్న తరగతులకు భూగోళం ఎలా చెప్పాలన్న ఒకే ప్రశ్నకు కేటాయించావు కనుక, నేనూ నేరుగా ఆ విషయంలోకే వస్తాను.

మీ నాలుగో తరగతి పిల్లలు నదుల పేర్లన్నీ తడుముకోకుండా ఒప్పజెప్పుతున్నారనీ, బడి వెనుక వంకలో వానాకాలం పారే నీరు ఎక్కడికి పోతుందని అడిగితే మాత్రం ఒకరి మొహాలొకరు చూసుకున్నారనీ రాశావు. మా కాకినాడ వైపు బడులలోనూ ఇదే వరస. పరిసరాల విజ్ఞానం అని పేరు పెట్టుకున్న పాఠంలో పరిసరాలు తప్ప మిగిలినవన్నీ ఉంటున్నాయంటే, తప్పు పుస్తకానిది కాదు, మనం మొదలుపెట్టే చోటుది అని నా అభిప్రాయం. మనం పటంతో మొదలుపెడుతున్నాము. పటం చివర రావలసిన వస్తువు. దానిని గోడకు తగిలించినంత కాలం ఉత్తరం ఎటు అని అడిగితే పిల్లవాడు ఇంటికప్పు వైపు వేలు చూపిస్తాడు, దక్షిణం అంటే నేల వైపు చూపిస్తాడు. నీరు పల్లానికి పారుతుందని వాడికి ముందే తెలుసు కాబట్టి, నదులన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికే పారాలన్న నిర్ణయానికి కూడా వస్తాడు. అందువల్ల నేను పటాన్ని గోడ మీద నుంచి తీసి, నేల మీద పరిచి, దాని ఉత్తరం నిజమైన ఉత్తరానికి సరిపోయేలా తిప్పి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టడం అలవాటు చేసుకున్నాను. నాసిక్ దగ్గర త్ర్యంబకం కొండల్లో, అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలోనే పుట్టి కూడా, గోదావరి ఆ పక్క సముద్రాన్ని కాదని 1465 కిలోమీటర్లు తూర్పుకు నడిచి మన దగ్గరకు వచ్చిందని అప్పుడు వేలితో చూపిస్తే, ఎందుకలా వచ్చిందని వాళ్ళే అడుగుతారు.

కానీ ఆ పటం దాకా రావడానికి ముందు చాలా పని ఉంది. మొదట అగ్గిపెట్టె, సీసామూత, రబ్బరు వంటివి బల్ల మీద పెట్టి, నిలబడి నిట్టనిలువుగా పైనుంచి చూస్తూ వాటి అంచుల చుట్టూ సుద్దముక్కతో గీయిస్తాను. వస్తువులు తీసేశాక బల్ల మీద మిగిలే గీతలే పిల్లలు గీసిన మొదటి పటం. తరువాత తరగతి గది, ఆ తరువాత ఆవరణ, ఆపైన బడి నుంచి రావిచెట్టు దాకా వీధి. దూరాలకు టేపు వాడనివ్వను, అడుగులే లెక్క. ఇక్కడ వాళ్ళకు నైన్‌సింగ్ రావత్ సంగతి చెబుతాను. కుమావూఁ కొండల్లోని మిలం గ్రామానికి చెందిన ఆయన మనలాగే బడిపంతులు. సర్వే శాఖ వారు ఆయనకు అడుగులన్నీ ఒకే పొడవున పడేలా నడవడం నేర్పించి, 1865లో టిబెట్టుకు పంపారు. యాత్రికుడి వేషంలో వెళ్ళిన ఆయన చేతి జపమాలలో 108 పూసలకు బదులు 100 పూసలే ఉండేవి. నూరు అడుగులకు ఒక పూస జరుపుతూ, రాసుకున్న లెక్కలను ప్రార్థన చక్రంలో దాచుకుంటూ, 1866 జనవరిలో లాసా చేరి ఆ నగరం ఎక్కడుందో లెక్కకట్టారు. లండన్‌లోని రాయల్ జాగ్రఫికల్ సొసైటీ 1877లో ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. ఈ కథ విన్న తరువాత పిల్లలకు అడుగులు లెక్కపెట్టడం చాకిరీలాగా అనిపించదు. మా వాళ్ళు పూసలకు బదులు చింతగింజలు వాడతారు. నూరు అడుగులకు ఒక గింజ కుడి జేబులో నుంచి ఎడమ జేబులోకి మారుతుంది. ఇద్దరి లెక్కలు కలవనప్పుడు వచ్చే తగాదా అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే పొడుగుకాళ్ళ పిల్లవాడి నూరు అడుగులూ పొట్టివాడి నూరు అడుగులూ ఒకటి కావని అక్కడే తేలి, అందరికీ ఒకే కొలత ఎందుకు కావాలో వాళ్ళే నిశ్చయించుకుంటారు.

దిక్కులకు దిక్సూచి కొననక్కరలేదు. ఆవరణలో చదునైన చోట ఒక నిలువు పుల్ల పాతించి, దాని చుట్టూ తాడుతో ఒక వృత్తం గీయించు. పొద్దున పుల్ల నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గులకరాయి, సాయంత్రం అదే కొస మళ్ళీ వృత్తాన్ని దాటే చోట మరొక గులకరాయి పెట్టించు. రెండింటినీ కలిపే గీత తూర్పు పడమరలు చూపిస్తుంది. మన పాత జ్యోతిష గ్రంథాలలో శంకువు పేరుతో చెప్పిన పద్ధతి ఇదే. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణాన్ని గడియారంలో రాసి ఉంచమని చెప్పు, ఎందుకంటే ఇందులో మన రెండు బడులకూ ఒక ఉమ్మడి పని దాగి ఉంది. మన దేశపు గడియారానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. మీ అనంతపురం కాకినాడకు పడమరగా నాలుగున్నర డిగ్రీలకు కాస్త ఎక్కువ దూరాన ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున, ఒకే రోజున మాకు పొట్టినీడ పడిన తరువాత 18, 19 నిమిషాలకు గానీ మీకు పడదు. అదే రోజు ఫోనులో మాట్లాడుకుని రెండు బడుల పిల్లలూ తమ గడియారాలు సరిచూసుకుంటే, సూర్యుడు అందరికీ ఒకేసారి నడినెత్తికి రాడన్న సంగతి మనం చెప్పవలసిన అవసరమే ఉండదు. పైగా ఆగస్టు మొదటి వారంలో మాకూ, రెండవ వారంలో మీకూ మధ్యాహ్నం నీడ పూర్తిగా మాయమయ్యే రోజు ఒకటి వస్తుంది. వేసవిలో వచ్చే ఇలాంటి రోజు సెలవులలో పోతుంది కనుక ఆగస్టుదే మనకు దక్కేది. మా వైపు ఆ రోజులలో మబ్బు పట్టే భయం ఉంది. ఆ విషయంలో మీ జిల్లా నయం.

ఇక మన్ను సంగతి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే. గాజు సీసాలో మూడో వంతు మన్ను, మిగతా భాగం నీళ్ళు పోసి, మూత బిగించి బాగా కుదిపి, కిటికీ మెట్టు మీద కదల్చకుండా పెట్టాలి. ఒక నిమిషంలోపే ఇసుక అడుగుకు చేరుతుంది. దాని మీద గంట రెండు గంటలలో మెత్తని ఒండ్రు పొర కడుతుంది. బంకమన్ను మాత్రం మర్నాటికి కూడా నీటిని తేటపడనివ్వదు. స్కేలు ఆనించి ఏ పొర ఎంత మందం ఉందో కొలిచి, సీసా బొమ్మ గీసి, పొరలకు రంగులు వేస్తారు. పొలం మన్ను, కాలువ గట్టు మన్ను, సముద్రపు ఒడ్డు ఇసుక మూడూ పక్కపక్కన పెట్టినప్పుడు ఒక పాప పొలం మన్ను సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసి, ‘ఇది మా నాన్న కాళ్ళకు అంటుకునే మట్టి, ఆ ఇసుక అంటుకోదు కదండీ’ అన్నది. వరి మడిలో నీరు ఎందుకు నిలుస్తుందో, సరుగుడు తోటల ఇసుకలో ఎందుకు ఇంకిపోతుందో చెప్పడానికి నాకు అంతకు మించిన ఆధారం అక్కరలేకపోయింది. మీ ఎర్రనేల మన్ను మా పిల్లలు ఎన్నడూ చూడలేదు, మీ పిల్లలు మా ఒండ్రు చూడలేదు కనుక ఒక్కొక్క సంచి మన్ను ఒకరికొకరం పంపుకుందాము. వరదల కాలంలో ఎర్రగా వచ్చే గోదావరి నీటిని సీసాలో పట్టి పెడితే అడుగున చేరే పొర, ఎక్కడో మహారాష్ట్రలోనో తెలంగాణలోనో కొట్టుకుపోయిన నేల. ఈ డెల్టా అంతా అలా చేరినదేనని చెప్పినప్పుడు పిల్లలు తమ కాళ్ళ కింది నేలను అనుమానంగా చూస్తారు.

మా ఊళ్ళకు ఇంకొక పాఠ్యపుస్తకం సముద్రం. ఒడ్డున పోటు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ కర్ర పాతి వేళ రాసుకుంటే, మర్నాడు అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని తెలుస్తుంది. వేటకు వెళ్ళే ఇళ్ళ పిల్లలకు ఇది ముందే తెలుసు. బడిలో ఎప్పుడూ వెనుక వరుసలో ఉండేవాళ్ళు ఆ రోజు ముందుకు వస్తారు. ఉప్పాడ వైపు పెద్దలను కూర్చోబెట్టి, మీ చిన్నప్పుడు ఇళ్ళు, గుడి, రోడ్డు ఎక్కడ ఉండేవో నేల మీద గీయమని అడిగితే, వాళ్ళు గీసే గీతలలో కొన్ని ఇప్పటి సముద్రంలోకి పోతాయి. 1996 నవంబరు తుపాను ఏ ఇంటి మెట్టు దాకా వచ్చిందో చూపించేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒకవైపు ఉప్పాడ ఒడ్డు కోసుకుపోతుంటే, ఇంకొకవైపు గోదావరి తెచ్చి పోసిన ఇసుకతో కాకినాడకు ఎదురుగా సుమారు 16 కిలోమీటర్ల హోప్ ఐలాండ్ పెరిగి, నగరానికి అలల దెబ్బ తగలకుండా అడ్డు నిలిచింది. నేల స్థిరమైనది కాదని చిన్న పిల్లలకు చెప్పడం ఎలాగని అడిగేవారికి నేను ఈ రెండింటినీ చూపిస్తాను.

మీకు సముద్రం లేదని విచారించకు, మీకు చెరువులున్నాయి. ఆవరణలో మట్టి దిబ్బ పోయించి, ఒక పక్కకు గడ్డి చెక్కలు తెచ్చి పరిపించి, రెండో పక్కను ఉత్తి మట్టిగానే వదిలెయ్యి. రెండు వైపులా దిగువన ఒక్కొక్క గాజు గ్లాసు పాతించి, అడుగున చిల్లులు పొడిచిన డబ్బాతో పైనుంచి సమానంగా నీళ్ళు పోయించు. ఉత్తి మట్టి వైపు గ్లాసు చిటికెలో బురదతో నిండుతుంది. గడ్డి వైపు గ్లాసులోకి నీరు నిదానంగా, తేటగా దిగుతుంది. ఆ తరువాత వాళ్ళను చెరువు కట్ట మీదకు తీసుకుపోయి, తూము, మరవ (చెరువు నిండాక నీరు పొర్లిపోయే చోటు), పూడిక చూపించి, మరవ పారితే నీరు ఏ చెరువుకు పోతుందో, అక్కడి నుంచి ఎటో అడుగుతూ పోతే, బడి వెనుక వంక పెన్నలో కలిసి నెల్లూరు దగ్గర సముద్రం చేరే దాకా వాళ్ళే నడిచి వెళతారు. నదుల పేర్ల జాబితాకు అప్పుడు అర్థం వస్తుంది.

పని చేయించడం అంటే థర్మోకోలు కొండలు, రంగునీళ్ళ అగ్నిపర్వతాలు అనుకునేవారంటే నాకు ఒళ్ళుమంట. వాటిని స్టేషనరీ దుకాణం వాడు అమ్ముతాడు, తండ్రి అతికిస్తాడు, పిల్లవాడు మోసుకొస్తాడు. విహారయాత్రల మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. కోరంగి మడ అడవిలో బురదలోంచి పైకి పొడుచుకు వచ్చిన శ్వాసవేళ్ళు ఎందుకున్నాయన్న ప్రశ్న ముందే మోసుకుని వెళ్ళకపోతే, పిల్లలకు గుర్తుండేది పులిహోర పొట్లం ఒక్కటే.

కనుక ఈ సంవత్సరం మన రెండు బడులూ కలిసి వాన కొలుద్దాము. మీకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడితే మాకు దాదాపు రెట్టింపు పడుతుంది. పడమటి కనుమలు నైరుతి మబ్బులను ముందే పిండేసుకోవడం, తూర్పు తీరం నుంచి మీరు దూరంగా ఉండడం దీనికి కారణాలని పుస్తకం చెబుతుంది, కానీ పిల్లలు వారం వారం ఆ అంకెలు మార్చుకుంటేనే అది వాళ్ళ సొంతమవుతుంది. నిటారు గోడల ప్లాస్టిక్ సీసా మెడ కోసి, ఆ మెడనే గరాటులాగా తిరగేసి పెట్టండి. అడుగున వంపులున్న భాగం నిండేదాకా గులకరాళ్ళూ నీళ్ళూ పోసి, ఆ మట్టాన్ని సున్నా అని గుర్తుపెట్టి, అక్కడి నుంచి పైకి స్కేలు అతికించండి. చెట్టు కిందా గోడ పక్కనా కాకుండా ఆరుబయట ఉంచి, వాతావరణ శాఖ వారు కొలిచే వేళకే, అంటే ఉదయం 8:30కి చూసి రాయించు. కొలిచాక మళ్ళీ నీటిని సున్నా మట్టానికి తేవడం మరచిపోవద్దు. మీ సీసా లావుగానూ మా సీసా సన్నగానూ ఉంటే లెక్క తప్పుతుందని పిల్లలు తప్పక అభ్యంతరం చెబుతారు. నోరూ ఒళ్ళూ ఒకే వెడల్పున ఉన్నంత వరకు లెక్క తప్పు కాదని నీవు చెప్పకుండా, లావుదీ సన్నదీ రెండూ పక్కపక్కన పెట్టించి వాన వచ్చేదాకా ఆగు. మన్ను మాత్రం బాగా ఎండబెట్టి, గుడ్డ సంచిలో కట్టి, ఏ పొలంలోది, ఎంత లోతులోదో చీటీ రాయించి ఈ నెలాఖరులోపు పంపించు. మా సంచి రేపటి టపాలో బయలుదేరుతుంది.

నీ
మిత్రుడు