గచ్చిబౌలిలో ఆగిపోయిన ఆట గురించి

క్రీడాశాఖ అధికారి గారికి నమస్కారం.

మా దగ్గర్లోని ప్రభుత్వ మైదానాన్ని పిల్లల కోసం తెరవమని మీ కార్యాలయానికి రెండు అర్జీలు ఇచ్చాను. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

గచ్చిబౌలి స్టేడియం సొంత మైదానంగా హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు 2019లో పుట్టింది. మొదటి సీజన్‌లో పది జట్లలో ఆఖరిది. కోవిడ్ వల్ల తర్వాతి రెండు సీజన్లూ గోవాలోనే ఆడింది. 2022 మార్చి 20న అక్కడి ఫటోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్ జట్టును పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచింది. మూడేళ్లు కూడా నిండని పసి క్లబ్బు! ఆ రాత్రి మా వీధిలో టీవీ ముందు నిలబడ్డ పిల్లలు ఇప్పటికీ గోల్‌కీపర్ కట్టిమణి పేరు తలుస్తారు. ఆ తర్వాత డబ్బు కష్టాలు, జీతాల బకాయిలు. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది.

భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ రహీం సాబ్‌ను దేశానికిచ్చిన ఊరండీ ఇది. ఇక్కడి పోలీసు జట్టు 1950 నుంచి వరుసగా ఐదుసార్లు ముంబైలో జరిగే రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది.

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. వాడి పసుపు జెర్సీ మీద అంకె సగం చెరిగిపోయింది, అయినా పారేయనివ్వడు. సాయంత్రాలు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఆడతాడు, కారు అద్దం పగులుతుందేమోనని మాకు టెన్షన్. దగ్గర్లోని ప్రభుత్వ మైదానం గేటుకి మాత్రం ఎప్పుడూ తాళమే.

క్లబ్బును వెనక్కి తెమ్మని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదని తెలుసు. ఆ మైదానాన్ని వారానికి మూడు సాయంత్రాలు పిల్లలకు ఉచితంగా తెరవండి. వీలుకాదంటే కారణం ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని, తండ్రి