కొవ్వెక్కి మాట్లాడటం

రాజమండ్రి,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ బూరీ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. తిట్టుకో, కానీ ఇది చదివాక తిట్టు. పెరట్లో పాచి మీద జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు పిండికట్టు. మిగతా అంతా కులాసా. పెద్దాడికి బదిలీ అయింది, మోటారు మళ్ళీ పాడైంది. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

నిలబడ్డచోట పడితే మణికట్టు విరగడమేమిటని డాక్టరు అనుమానపడి, ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయించాడు. టీ స్కోరు మైనస్ 2.7. మైనస్ 2.5కి దిగిందంటే ఎముకలు గుల్లబారినట్టేనట. ఎవరికి? రోజూ గోదావరి గట్టు మీద నడిచేవాడికి, యాభై ఆరేళ్ళొచ్చినా పొట్ట రానివాడికి, ఈ పుల్లయ్యకి! నువ్వేమో నిరుడు మీ మేడమెట్ల మీద నుంచి దొర్లితే చిరిగింది లుంగీ ఒక్కటే.

మా మేనకోడలు చిట్టి ఎండీ ఫిజియాలజీ చదువుతోందిగా. చూడ్డానికొచ్చి, "మావయ్యా, నీ ఒంట్లో కొవ్వు లేదు, సగం బాధ అదే" అంది. నాకు ఠక్కున మన వార్డెను గుర్తొచ్చాడు. ఆ ఇడ్లీ కేసు రోజున "కొవ్వెక్కి మాట్లాడుతున్నార్రా?" అన్నాడు చూడు. ఒరేయ్, కొవ్వు నిజంగానే మాట్లాడుతుందిట!

కొవ్వంటే గాదెలో ధాన్యంలా పడి ఉంటుందనుకున్నాం కదా. కాదు, అదీ ఒక గ్రంథిలాంటిదే. 1994లో న్యూయార్క్‌లో, రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో, జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ని కనిపెట్టింది. గ్రీకులో లెప్టోస్ అంటే సన్నం అని. కొవ్వు కణాలు దీన్ని రక్తంలోకి వదిలి "సరుకు నిండుగా ఉంది, ఇక తినకు" అని మెదడుకి కబురు పంపుతాయి. ఆ జన్యువు చెడిన ఎలకలు తిని తిని బంతుల్లా ఊరిపోతాయి. (నీ పెళ్ళి ఫోటో చిట్టికి చూపించాను. క్షమించు.) అయితే నీకు లెప్టిన్ లేక కాదట, బోలెడుంటుంది, మెదడే పట్టించుకోదు. గుడి మైకు పక్కింటివాడికి నిద్ర పట్టినట్టు.

2000లో గెరార్డ్ కార్సెంటీ బృందం ఆ లావు ఎలకల ఎముకలు చూసింది. వాటికి సెక్స్ హార్మోన్లు తక్కువ కాబట్టి ఎముక అరిగిపోయి ఉండాలి. తీరా చూస్తే మామూలు వాటికంటే ఎక్కువుంది! మెదడులోకి రవ్వంత లెప్టిన్ పంపితే తగ్గింది. ఆ కబురు మెదడు నుంచి సహానుభూత నాడుల (అదే, కంగారులో గుండె దడ పెంచే నాడుల) మీదుగా ఎముకకి చేరుతోందని 2002లో తేల్చారు. ఆ దారికి అడ్డుగా ప్రొప్రనొలోల్ ఇస్తే, అదే, బీపీకి వాడే మందు, ఎలకల్లో ఎముక పెరిగింది.

నేను లేచి కూర్చున్నాను. "అయితే లెప్టిన్ తక్కువున్న నాకు ఉక్కు ఎముకలుండాలి కదే!" చిట్టి నవ్వింది. ఆ ఎలకలకి వెన్నుపూసలే దిట్టంగా ఉంటాయట, కాళ్ళ ఎముకలు పొట్టి, నీరసం. రక్తంలోకి లెప్టిన్ ఎక్కిస్తే ఆ ఎముకలే పెరిగాయి. పెళ్ళిళ్ళ పేరయ్య అనుకో, మెదడు దగ్గర ఒక మాట, ఎముక దగ్గర ఇంకో మాట. ఇంకా అడిపోనెక్టిన్ అని ఒకటుంది. అదీ కొవ్వు పంపేదే, కానీ నాలాంటి సన్నవాళ్ళలోనే ఎక్కువ. అదెక్కువున్న చాలామందిలో ఎముక సాంద్రత తక్కువగా కనబడిందట. నా ఖర్మ.

ఎనిమిదో తరగతిలో నువ్వు నాకంటే జానెడు పొడుగు, గుర్తుందా? వెనక బెంచీలో కూర్చోబెట్టారు. పదో తరగతికి నేను దాటేశాను. లావు పిల్లలు ముందే పొడుగవుతారు, ఎముక చివళ్ళు ముందే మూసుకుంటాయి, ఆ పైన పెరగరుట. నలభై ఏళ్ళుగా అది మా అమ్మ పోసిన గేదెపాల మహిమే అనుకుంటున్నాను!

ఒక మాట మాత్రం వినగానే మనసు చివుక్కుమంది. తిండి మానేసి ఎండిపోయే అమ్మాయిలుంటారే, వాళ్ళ ఒంట్లో కొవ్వు కరిగిపోతుంటే ఎముక మజ్జలో మాత్రం పెరుగుతుందిట. కొవ్వు కణమూ, ఎముక కట్టే కణమూ ఒకే తల్లి బిడ్డలు. ఒకడు ఎక్కువైతే రెండోవాడు... మా అన్నదమ్ముల సంగతి నీకు తెలుసుగా, పోనీలే.

ఇక పూతరేకుల పందెం. ముందు ఎముక విరిగినవాడు కిలో ఇవ్వాలి అన్నాం. నేను ఓడినట్టు కాదు! లావుగా ఉన్న ఆడవాళ్ళలో చీలమండ విరగడం ఎక్కువట. మగవాళ్ళ సంగతి చిట్టిని అడగాలి, అప్పటిదాకా పందెం వాయిదా. నువ్వు మాత్రం మెట్లు చూసుకుని దిగు.

అన్నట్టు, చెల్లెమ్మ వేసుకునే షుగరు బిళ్ళల్లో పయోగ్లిటజోన్ ఉందేమో చూడమను. ఆడవాళ్ళకి దానివల్ల ఎముకలు విరిగే ప్రమాదం కాస్త పెరుగుతుందిట. సొంతంగా మాత్రం ఆపొద్దు, డాక్టర్ని అడగమను. ఇంకోటి, మన సైన్సు మాస్టారు మొన్న సంతలో కనబడి నీ గురించి ఏమన్నారంటే... అయ్యో, చేతికి కసరత్తు చేయించే కుర్రాడు గేటు తీస్తున్నాడు. వాడొచ్చాడంటే నా అరుపులు వీధంతా