చిన్నీ, ఫోన్ ఎత్తుతలేవని రాస్తున్న

చిన్నీ,
తిన్నవా? ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. మీ బాపుకు షుగర్ జర తగ్గింది, అట్లని చాయ్‌ల చక్కెర దొంగతనంగ ఏస్కుంటుండు. రమక్కోళ్లు హంటర్ రోడ్డు ఇల్లు ఖాళీ చేసిన్రు. ఆదివారం నుంచి వాట్సాప్‌ల ఊఁ, సరే తప్ప నీ ముచ్చటే లేదు, ఎగ్జామ్స్ ఉన్నయేమో అనుకుంటున్న.

బతుకమ్మకు వచ్చినప్పుడు గంత ఉక్కపోతల ఫుల్ చేతుల డ్రెస్ ఏందే అంటె ఫ్యాషన్ అన్నవు. గిన్నెలు తోముతుంటె తడిసి నీళ్లు కారుతున్నా చేతులు మడవలే. నేను చూసిన.

సరే తియ్యి. మన శీను యాదికున్నడా, 2019 ఇంటర్ రిజల్ట్ దినం? పరీక్ష రాసినోన్ని ఆబ్సెంట్ అని చూపెట్టిన్రు. ఆ రిజల్ట్ తర్వాత రాష్ట్రంల 20 మందికి పైన పిల్లలు పాణాలు తీస్కున్నరు, ఉత్త మార్కులకే పోతరా, లోపల ఎన్నెన్ని జమైతయో ఎవలకెరుక. వీడు తలుపు పెట్టుకుండు. బైట పెద్దోళ్లందరు మగపిల్లగానివి ధైర్యంగుండు అని ఒకటే లెక్చర్. సత్తవ్వ మాత్రం పల్లెంల అన్నం పెట్టుకొచ్చి గడప కాడ కూసోని, "ఏం రా, సచ్చిపోవాలనిపిస్తుందా?" అని సూటిగ అడిగింది. లేని ఆలోచన పెడ్తవా అని అందరు ఆమె మీదికి లేచిన్రు. వాడు తలుపు తీసి "అవు అవ్వా" అని ఒకటే ఏడుపు. ఆ రాత్రి అవ్వ పక్కలనే పండుకుండు, తెల్లారి ఎంజీఎం దవాఖానల మానసిక డాక్టర్‌కు చూపెట్టిన్రు. అడిగితె ఆలోచన పుట్టదమ్మా, బరువు దిగుతది అని ఆ డాక్టరే చెప్పిండు. తర్వాత రీవెరిఫికేషన్‌ల పాసే అయిండు, అది వేరే సంగతి.

గందుకే అడుగుతున్న బిడ్డా. చేతులకు గాయాలు చేసుకుంటున్నవా? సచ్చిపోవాలనిపిస్తుందా? అవునంటె తిట్టను, బాపుకు నేనే చెప్పుకుంట. గాయం చేసుకునేటోళ్లందరు సావాలనే చేసుకోరట, లోపలి నొప్పి ఓర్వలేక గూడ చేసుకుంటరట, నాటకాలని ఎవలన్న అంటె పట్టించుకోకు. నాకు చెప్పబుద్ధి కాకపోతె సర్కారు మానసిక హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు, పైసలు పడవు. ఈ రాత్రి రూమ్‌ల ఒక్కదానివి పండుకోకు, దోస్తును పిలుచుకో. టైముకు తిను, ఆ ఫోన్ పట్టుకోని తెల్లారేదాక... మల్ల లెక్చర్ అంటవు.

రేపు మొదటి బస్సుకే వస్తున్న, ఉప్పల్ల దిగుత. వద్దనకు, టికెట్ తీసుకున్న. మామిడి తొక్కు తెస్తున్న, వార్డెన్‌కు ముందే చెప్పి పెట్టు. నా మోకాళ్లకు మీ హాస్టల్ మెట్లు కావు, కిందికి రా.

అమ్మ