శనివారం ఆట: క్లెరిక్ (దేవుడి శక్తితో మంత్రాలు వేసే పాత్ర) మంత్రాలకు మన సొంత రూల్స్

అందరూ ఒకసారి చదవండి. మనం పాత్రలు వేసి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 2014 రూల్స్ ప్రకారం, చచ్చినవాళ్లను బతికించే రివివిఫై మంత్రానికి 300 బంగారు నాణేల విలువైన వజ్రం కావాలి, ప్రాణం పోయిన నిమిషంలోపే వేయాలి. అది అలాగే ఉంటుంది. కానీ ఆ వజ్రం ఇకపై అంగట్లో దొరకదు. ఏదైనా గుడికి వెళ్లి, అక్కడివాళ్ల పని చేసిపెట్టి తెచ్చుకోవాలి. చావుకు బరువుంటేనే పోరాటంలో టెన్షన్ ఉంటుంది, ఇందులో మాత్రం నేను తగ్గను.

చచ్చినవాళ్లను బతికించే మరో మంత్రం రెయిజ్ డెడ్‌కి ఆత్మ ఒప్పుకోవాలన్నది అసలు రూల్‌లోనే ఉంది, కాబట్టి చనిపోయిన పాత్ర ఆడేవాళ్లను ఎవరూ బలవంతపెట్టకండి.

గాయాలు మాన్పే హీలింగ్ వర్డ్‌లో మార్పేమీ లేదు.

క్లెరిక్ తన దేవుడి మాట తప్పగానే మంత్రాలు లాగేసుకోను, ముందు కలలోనో శకునంలోనో హెచ్చరిక వస్తుంది. క్లెరిక్ ఆడేవాళ్లు తమ దేవుడు సహించని పనులేంటో శుక్రవారంలోపు ఇక్కడే రాయండి.