ఒక్కడి వంటకు సరుకులు

నాన్నా,

ఒక్కడికి వండుకోవడమంటే నలుగురి కొలతల్ని నాలుగుతో భాగించడమే అనుకుంటారు చాలామంది. ఆ లెక్క దుకాణంలోనే తప్పుతుంది. కాలీఫ్లవర్ పావు ముక్క ఎవరూ అమ్మరు. పూటకు కావలసింది కొంచెమే, కొనాల్సి వచ్చేది మాత్రం ఎక్కువ. అందుకే ఏ కూరగాయ చేతిలోకి తీసుకున్నా, మిగతా సగం ఎల్లుండి దేంట్లోకి పోతుందో అక్కడే ఆలోచించుకో. జవాబు తట్టకపోతే తీసినచోటే పెట్టేసెయ్.

రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వారానికి దాదాపు మూడు కిలోలన్నమాట. అదంతా ఒకేసారి తెస్తే ఫ్రిజ్‌లో వాడిపోయేదే ఎక్కువ. రెండు విడతలుగా తెచ్చుకో. విడతకు ఒక ఆకుకూర, త్వరగా పాడయ్యే కూరగాయ ఒకటి, నిలవుండేవి రెండు చాలు. పాడయ్యే వరుసలోనే వండాలి. ఆకుకూర, పుట్టగొడుగులు మొదటి రెండు రోజుల్లో, ఆ తర్వాత బీన్స్, వంకాయ, క్యాప్సికం, చివరికి క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ. వరుస తిరగేస్తే క్యారెట్ ముందే అయిపోయి, పాలకూర జిగురు పట్టి కూర్చుంటుంది.

ఆకుకూరను తేగానే కడగకు, దాన్ని కుళ్లబెట్టేది ఆ తడే. వేర్లు, పండిన ఆకులు తీసేసి పొడిబట్టలో చుట్టి డబ్బాలో పెట్టు. వండేముందు కడుక్కోవచ్చు. దాని పక్కన ఆపిల్, టమాటా, అరటిపండు ఉంచొద్దు. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకు ఆకులు తొందరగా పసుపెక్కుతాయి. బంగాళాదుంపలు చీకట్లో, గాలి ఆడేచోట ఉండాలి. పచ్చబడ్డవి చవగ్గా వస్తున్నా కొనొద్దు.

ఒంటరివాడి వంటింట్లో క్యాబేజీని మించింది లేదని నా అభిప్రాయం. చిన్నదే అయినా చేతికి బరువుగా తగిలేది ఏరుకో. దాన్ని సగానికి కోయకు. కోసినవైపు నల్లబడి ఎండిపోతుంది, ప్రతిసారీ అంత మందాన చెక్కి పారేయాలి. పైనుంచి ఒక్కో ఆకునూ మొదలు దగ్గర చాకుతో గాటు పెట్టి వలుచుకో. పూటకు నాలుగైదు ఆకులు సరిపోతాయి. లోపలి గడ్డకు కోత పడదు కాబట్టి ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలైనా బాగుంటుంది.

పొడి సరుకుల్లో పెద్ద సంచి కిలో లెక్కన చవకే, పూర్తిగా తింటేనే. పప్పులు అరకిలో, పొడులు 50 గ్రాములు, నూనె చిన్న సీసా. పెద్ద సీసా తెరిచి నెలల తరబడి వాడితే గాలి తగిలి ముక్కిపోయిన వాసన వస్తుంది. కొత్తగా వంట మొదలుపెట్టినవాళ్ల ఉత్సాహమంతా మసాలా పొడుల మీదే ఉంటుంది, నువ్వు మాత్రం నాలుగు రకాలతో మొదలుపెట్టు. పప్పులో పురుగు పట్టకుండా, తెచ్చినవెంటనే మూత గట్టిగా పెట్టి నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచు, గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయకు. చల్లని గింజకు గాలిలోని తేమ పట్టిందంటే తర్వాత బూజే.

ఇక అన్నం. ఒక్కడికి పూటకు 75 గ్రాముల బియ్యం. బియ్యం సగం చేశాం కదా అని నీళ్లూ సగం చేస్తే అడుగంటుతుంది, పైన పలుకుగా ఉండిపోతుంది. బియ్యం పీల్చుకునే నీళ్లు తగ్గుతాయిగానీ ఆవిరైపోయే నీళ్లు అంతగా తగ్గవు. అవి గిన్నె వెడల్పును, మంటను, మూత బిగువును బట్టి ఉంటాయి. అందుకని 14 నుంచి 16 సెంటీమీటర్ల వెడల్పున్న గిన్నె, బిగువైన మూత ముందు కొనుక్కో. కుక్కర్‌దీ ఇదే సంగతి. పప్పు గుప్పెడే అయినా, కుక్కర్ అడుగున కంపెనీ చెప్పిన కనీసపు నీళ్లు ఉండాల్సిందే. పప్పును చిన్న గిన్నెలో వేసి లోపల పెట్టు.

మిగిలిన అన్నం రాత్రంతా పొయ్యిమీద వదలకు. బియ్యంలో ఉండే ఒకరకం బాక్టీరియా విత్తులు ఉడికినా చావవు. గోరువెచ్చటి అన్నంలో అవి పెరిగి విడుదలచేసే విషం మళ్లీ వేడిచేసినా పోదు. పళ్లెంలో పలుచగా పరిచి చల్లార్చి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా తినెయ్.

శనగలు, రాజ్మా లాంటివి మాత్రం ఒకపూటకని ఉడికించకు. 200 గ్రాములు ఉడికిస్తే నాలుగు పూటలకు వస్తాయి. లీటరు నీళ్లకు రెండు టీస్పూన్ల ఉప్పు కలిపి రాత్రి నానబెడితే తొక్క మెత్తబడుతుంది. పొద్దున ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికించు. టమాటా, నిమ్మరసం గింజ వేళ్లమధ్య నలిగాకే వెయ్యాలి. పులుపు ముందే పడితే గంటలు ఉడికినా పలుకు వదలదు. పులుపు వేయకపోయినా ఉడకడం లేదంటే గింజలు పాతవి, లేదా నీళ్లలో సున్నం ఎక్కువ.

రాజ్మా విషయంలో ఒక్కటి గట్టిగా చెబుతాను. పచ్చి రాజ్మాలో వాంతులు, విరేచనాలు తెప్పించే లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. నానిన గింజల్ని కనీసం పది నిమిషాలు, అరగంటైతే మరీ మంచిది, బుడగలు పొంగేలా మరిగించాలి. తక్కువ వేడిమీద గంటలకొద్దీ ఉడికించే స్లో కుక్కర్‌లో నేరుగా వేస్తే ఆ విషం పోకపోగా ఎక్కువ కావచ్చు. డబ్బాలో వచ్చే రాజ్మా అప్పటికే ఉడికి ఉంటుంది, కడిగి వాడుకో. అందులో నామోషీ ఏం లేదు.

ఉడికినవాటిని పూటకొకటిగా నాలుగు డబ్బాల్లో సర్ది, కొంచెం ఉడికిన నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టు. మూత మీద తేదీ రాయి. రెండు వారాలయ్యాక అన్ని డబ్బాలూ ఒకేలా కనిపిస్తాయి. వీటికి తోడుగా అరకిలో ఉల్లిపాయలు, అరకిలో టమాటాలు నూనెలో వేయించి, నీరంతా ఇగిరి నూనె అంచుల్లో తేలేదాకా ఉంచి, ఐస్ ట్రేలో గడ్డకట్టించు. నీరు ఉండిపోతే మంచుపలుకులు పట్టి కూర చప్పగా అవుతుంది. ఉప్పు, కారం, మసాలా ఇందులో వద్దు. ముందే వేస్తే వారమంతా ఒకే రుచి తినాలి. ఇవి రెండు గడ్డలు, శనగలు ఒక డబ్బా కలిస్తే పావుగంటలో కూర. అవే శనగలు రేపు కీరా, నిమ్మరసంతో చల్లగా తినొచ్చు, ఎల్లుండి మెదిపి రొట్టె మీద రాసుకోవచ్చు. ఉప్పు పూటకు పావు టీస్పూనుతో మొదలుపెట్టి, రుచి చూసి కలుపుకో. కూర ఇంత కొంచెమైతే చిటికెడు తేడాకే చెడుతుంది.

ఇనుము కోసం పప్పు, ఆకుకూర తిన్నపూట నిమ్మరసమో పచ్చి క్యాప్సికమో పక్కన ఉంచుకో, సి విటమిన్ ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. టీ, కాఫీ గంట ఆగి తాగు. బి12 విటమిన్‌కు మాత్రం కూరగాయలు, పప్పుల మీద ఆశ పెట్టుకోవద్దు. పాలు, పెరుగు రోజూ తీసుకో. మాంసం, చేపలు, గుడ్లు తినకుండా అవి కూడా మానేస్తే బి12 కలిపిన ఆహారమో మాత్రలో తప్పనిసరి. చేతులు తిమ్మిరెక్కుతున్నా, ఊరికే నీరసంగా ఉంటున్నా డాక్టర్‌కు చెప్పి బి12 రక్తపరీక్ష చేయించుకో.

ఆశీస్సులతో,
అమ్మ