మీ సగటులో మా ఇల్లు లేదు

సంపాదకులు గారికి,
నమస్కారం.

పోయిన వారం మీ మొదటి పేజీలో "దిగొచ్చిన ద్రవ్యోల్బణం" అని పెద్ద అక్షరాలతో వేశారు. ఆ శీర్షిక పుణ్యమా అని మా ఇంట్లో పొద్దున్నే చిన్న గొడవైంది. మా ఆయన పేపరు పక్కన పెట్టి, "ధరలు తగ్గాయని రాశారు కదా, నువ్వేమో ఇరవయ్యో తారీకుకే డబ్బులైపోయాయంటావు" అన్నారు. వెటకారంగా అని ఉంటే నేనూ ఒక మాట అనేసి ఊరుకునేదాన్ని. ఆయన నిజంగానే అడిగారు, అదే ఎక్కువ బాధేసింది. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంటి లెక్కల పుస్తకం రాస్తున్నదాన్ని, మీ పేపరు ముందు దొంగలెక్కలు చెప్పేదానిలా నిలబడాల్సి వచ్చింది.

అందుకని ఆ రోజు ఆయనకి చెప్పిందే మీకూ చెప్తాను. నెల ఖర్చు 100 అనుకోండి. మొదటి ఏడాది 8 శాతం పెరిగి 108 అయింది. రెండో ఏడాది 6 శాతం పెరిగి 114 దాటింది. మూడో ఏడాది 3 శాతమే పెరిగింది, ఇదిగో ఇక్కడ మీరు "దిగొచ్చింది" అంటారు. కానీ నా చేతిలోంచి పోయేది దాదాపు 118. అది మళ్లీ 100కి రాదు, వచ్చే ఏడాది పెరుగుదల ఆ 118 మీదే మొదలవుతుంది. ధరలు మెట్లెక్కడం నెమ్మదించాయి అంతే, ఒక్క మెట్టు కూడా కిందికి దిగలేదు. అదే మూడేళ్లలో జీతం ఏటా 4 శాతం చొప్పున పెరిగిందనుకుంటే 112.5 దగ్గర ఆగుతుంది. 118 కావాల్సిన చోట 112.5 చేతికొస్తే, నెలలో ఒక రోజు పైచిలుకు ఖర్చుకి అసలు జీతమే లేదన్నమాట. ఆ రోజుని ఎక్కడో దాచాలి, ఆ దాచే పని నాది.

ఇంకో సంగతి. మీరు వేసే ఆ సంఖ్య సగటు. దానికి ఆధారమైన వినియోగదారుల ధరల సూచీ కట్టేటప్పుడు కుటుంబాలు దేనికెంత ఖర్చు పెడుతున్నాయో సర్వే చేసి, ఆ వాటాలను బట్టి ఒక్కో వస్తువుకి బరువు వేస్తారు. మొత్తం ఖర్చులో వాటాని బట్టి బరువు కాబట్టి ఎక్కువ ఖర్చు పెట్టగలిగిన ఇంటి అలవాట్లే అందులో ఎక్కువ కనిపిస్తాయి. ఓటులాగా ఇంటికొకటి అని ఉండదక్కడ. 1857లోనే ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చుల లెక్కలు పట్టుకుని కూర్చుని, ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని చెప్పాడు. ఇన్నేళ్లైనా ఆ మాట తప్పలేదు. ఖర్చులో సగం తిండికే పోయే ఇంట్లో తిండి ధరలు 10 శాతం పెరిగితే మొత్తం మీద 5 శాతం దెబ్బ. ఐదో వంతే పోయే ఇంట్లో అదే పెరుగుదల 2 శాతం. ఇద్దరూ చదివేది మాత్రం ఒకే పేపర్లో ఒకే సంఖ్య.

సరే, మా ఇంటి సంఖ్య ఎంతో నేనే చూద్దామని కూర్చున్నాను. సరిగ్గా ఏడాది కిందట అదే నెలలో ఏమేం కొన్నామో పుస్తకంలో ఉంది కదా, ఆ జాబితా అలాగే పెట్టుకుని, అవే వస్తువులు, అంతే తూకం, ఇప్పుడు కొంటే ఎంతవుతుందో పక్కన రాశాను. అద్దె, కరెంటు, పిల్లల ఫీజులు, అత్తయ్య గారి మందులు, అన్నీ. రెండు రాత్రులు పట్టింది. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి చూసి, "అమ్మా, నువ్వు చేసింది లాస్పియర్స్ సూచీ, మాకు పరీక్షలో వచ్చింది" అంది. 1871లో ఎవరో జర్మన్ ఆర్థికవేత్త చెప్పిన పద్ధతట. నాకు పేరు తెలీదు కానీ పని తెలుసు అన్నాను. మా ఇంటికి 11 శాతం వచ్చింది, మీరు వేసిన దానికి రెండింతల పైన.

కానీ ఇక్కడే నాకు ఒక అనుమానం వచ్చింది. ధరలు 11 శాతం పెరిగితే మేం నిజంగా ఖర్చు పెట్టింది కూడా అంతే పెరగాలి కదా? పుస్తకంలో మొత్తం చూస్తే 5 శాతమే పెరిగింది. ఆ మిగతా 6 ఎటు పోయింది? లెక్క తప్పేమోనని మళ్లీ కూడి చూశాను. తప్పు లేదు. పోయినేడాది జాబితాలో ఉన్నవి ఈ ఏడాది జాబితాలో లేవు, ఉన్నవి తూకం తగ్గాయి, ఇంకొన్ని పేరు అదే కానీ నాసిరకం. పెద్దాడి ఈత క్లాసు లేదు. అత్తయ్య గారి కళ్లజోడు మార్చాల్సింది, మార్చలేదు. నేను నెలకోసారి మా అక్క దగ్గరికి వెళ్లేదాన్ని, ఆ టికెట్టు ఖర్చు ఐదు నెలలుగా పుస్తకంలో కనబడలేదు. నేను వెళ్లడం మానేశానని నాకే తెలీలేదు, పుస్తకం చెప్తే తెలిసింది.

అప్పటినుంచి పుస్తకంలో కొత్తగా ఒక గడి గీశాను. దానికి "మానుకున్నవి" అని పేరు పెట్టాను. ఖర్చు పెట్టనివి కూడా తారీకు వేసి రాస్తున్నాను. నా ఉద్దేశంలో ఇరుకు బడ్జెట్ ఇళ్లలో అసలు లెక్క ఆ గడిలోనే ఉంటుంది, బిల్లుల్లో ఉండదు. బిల్లు చూసి "బాగానే నెట్టుకొస్తున్నారు" అనుకుంటారు. జపాన్‌లో హాని మొతొకొ అనే జర్నలిస్టు 1904లో ఇల్లాళ్ల కోసం ఇంటి లెక్కల పుస్తకం తయారుచేసి అచ్చేయించిందని, దాన్ని అక్కడ కకేబో అంటారని ఎక్కడో చదివాను. నూట ఇరవై ఏళ్ల కిందటి మాట. అందులో మానుకున్న వాటికి గడి ఉందో లేదో కానీ, ఉంటే ఆవిడకి దణ్ణం.

ఇక మీ ఆదివారం పేజీలో వచ్చే పొదుపు చిట్కాల గురించి. కోప్పడకండి, కొంచెం నిష్ఠూరంగానే రాస్తున్నాను. "ఆదాయంలో 50 శాతం అవసరాలకి, 30 శాతం సరదాలకి, 20 శాతం పొదుపుకి" అని రాశారు. అద్దె, తిండి, ఫీజులు కలిపి 85 శాతం మింగేసే ఇంట్లో ఆ సూత్రం చదివితే నవ్వు రాదు, మనం ఏదో తప్పు చేస్తున్నామని టెన్షన్ వస్తుంది. "పెద్ద ప్యాకెట్లు కొనండి, ఒకేసారి ఏడాది చందా కట్టండి, కలిసొస్తుంది" అంటారు. నిజమే, కలిసొస్తుంది. ఒకేసారి అంత డబ్బు చేతిలో ఉన్నవాళ్లకి కలిసొస్తుంది. మాలాంటివాళ్లం చిన్న ప్యాకెట్టే కొంటాం, గ్రాము చొప్పున చూస్తే ఎక్కువే ఇస్తాం, లేకపోవడానికి కూడా వడ్డీ కట్టినట్టు.

ప్యాకెట్ అంటే గుర్తొచ్చింది, ఇది మాత్రం చాలామంది గమనించరు. ధర మారదు, లోపల తూకం తగ్గుతుంది. 100 గ్రాములది 85 గ్రాములు చేస్తే 15 శాతమే కదా తగ్గింది అనుకుంటాం, గ్రాముకి ఇచ్చే ధర లెక్కేస్తే 17.6 శాతం పెరిగింది. ప్యాకెట్ మీద బొమ్మ కంటే పెద్దగా వేయాల్సింది ఆ గ్రాముల అంకె. నేనైతే ఇప్పుడు కళ్లజోడు లేకుండా సరుకులకి వెళ్లను. మా ఆయనకి సిగ్గు, "ప్రతిదీ తిప్పి చూస్తావేంటి, అందరూ చూస్తున్నారు" అంటారు. చూడనివ్వండి.

ఇంట్లో పొదుపు అంటే గట్టిగా అరవడం కాదని కరెంటు బిల్లు దగ్గర తెలిసొచ్చింది. పిల్లలు ఫోన్లు చార్జింగులో పెడితే కసురుకునేదాన్ని. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. ఆ లెక్కన రెండు వేల వాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్ అయిపోతుంది. ఒక ఫోనుని ఏడాదంతా రోజూ నింపినా పది యూనిట్లు దాటదు. ఏడాది పాటు పిల్లల మీద అరిచిన అరుపులు గీజరు పదిరోజుల్లో తాగేసింది. వేడి చేసేవి, చల్లబరిచేవి, వీటి దగ్గరే ఉంది కిటుకంతా. అత్తయ్య గారి మందుల విషయంలోనూ అంతే, డాక్టరు గారిని మొహమాటపడకుండా అడిగితే అదే మందు జనరిక్‌లో రాసిచ్చారు. మూడేళ్లు అడగలేదు నేను. అడిగితే చులకనైపోతామేమోనని.

మేం చేసిన పెద్ద పొరపాటు ఒకటి చెప్పకపోతే ఈ ఉత్తరం సగం అబద్ధం అవుతుంది. అత్తయ్య గారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు క్రెడిట్ కార్డు గీకాం. బిల్లు వచ్చాక ఫోన్లో ఒకమ్మాయి చాలా మర్యాదగా, "మేడమ్, మినిమం కట్టినా సరిపోతుంది" అంది. సరిపోతుంది అంటే సరిపోతుందనే అనుకున్నాం. నెలకి 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అని నోటిలెక్క వేసుకున్నాం, వడ్డీ మీద వడ్డీ కలిపితే అది 42.6 శాతం. బాకీలో 5 శాతం మినిమం కడుతూ పోతే, కార్డు మళ్లీ ముట్టుకోకపోయినా, ఆ బాకీ సగానికి రావడానికి 32 నెలలు పడుతుంది. సగానికే. ఈ లెక్క మా అమ్మాయి వేసి చూపించేసరికి మేం పద్నాలుగు నెలలు కట్టేసి ఉన్నాం. ఆ తర్వాత తక్కువ వడ్డీకి వేరేచోట అప్పు తీసుకుని దాన్ని మూసేశాం. ఫోన్లో మాట్లాడిన ఆ అమ్మాయిని తప్పు పట్టను, ఆ పిల్లకీ ఒక ఇల్లు ఉంటుంది, ఇరవయ్యో తారీకు ఉంటుంది.

ఇన్నిటిలో నాకు నిజంగా పనికొచ్చింది ఒక్కటే, అది కూడా కొత్తదేం కాదు. ఏడాదికోసారి వచ్చే ఖర్చులన్నీ, ఫీజులు, బీమా, బండి రిపేరు, పండక్కి బట్టలు, అన్నీ కూడి పన్నెండుతో భాగించి, ఆ మొత్తం జీతం రాగానే వేరే ఖాతాలో వేయడం. మొదటి ఆరు నెలలు నరకం. రెండుసార్లు అందులోంచే తీశాను కూడా. కానీ ఈ జూన్‌లో ఫీజుల నెల వచ్చినప్పుడు మొదటిసారి ఎవరినీ చేబదులు అడగలేదు. అంతమాత్రాన ఖర్చు ఒక్క పైసా తగ్గలేదు, అది గుర్తుంచుకోండి. దెబ్బ అదే, ఒకేసారి కాకుండా పన్నెండుసార్లు తగులుతోంది.

పిల్లలకి చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. చివరికి పుస్తకం టేబుల్ మీద తెరిచే ఉంచడం మొదలుపెట్టాం. మా ఆయన కూడా ఇప్పుడు ఆదివారం ఆదివారం చూస్తారు. చూసిన మొదటిసారి ఏం మాట్లాడలేదు, "మానుకున్నవి" దగ్గర ఆగి, పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివి, "ఇందులో నావి రెండే ఉన్నాయి, నీవి తొమ్మిది ఉన్నాయేంటి" అన్నారు. నేను కావాలని రాయలేదండీ, రాస్తూ పోతే అలా వచ్చింది. ఏ ఇంట్లోనైనా లెక్క రాసేవాళ్లే ముందు తమది కొట్టేసుకుంటారేమో. మర్నాడు ఆయనే వెళ్లి మా అక్క ఊరికి టికెట్టు తీసుకొచ్చారు. ఏ గడిలో రాయాలో తెలీక కాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

మిమ్మల్ని కోరేది పెద్దదేం కాదు. ద్రవ్యోల్బణం వార్త వేసినప్పుడు ఆ నెల సంఖ్య పక్కనే, మూడేళ్ల కిందట 100 అయిన సరుకులు ఇప్పుడు ఎంతయ్యాయో కూడా ఒక్క వాక్యం వేయండి. "ధరల పెరుగుదల నెమ్మదించింది" అని రాయండి, "ధరలు దిగొచ్చాయి" అని రాయకండి. అక్షరాలు రెండు ఎక్కువ పడతాయేమో, కానీ కొన్ని ఇళ్లలో పొద్దున్నే గొడవ తగ్గుతుంది. చిట్కాలు వేసేవాళ్లని కూడా ఒకసారి ఎవరి పుస్తకమైనా అడిగి చూడమనండి, ఖర్చు పెట్టినవి కాకుండా పెట్టనివి.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, దాచడం ఎందుకు. పోయిన నెల "మానుకున్నవి" గడిలో మీ పత్రిక చందా కూడా రాశాను. అత్తయ్య గారు చూసి, పొద్దున్నే పేపరు లేకపోతే నాకు తోచదమ్మా అని కొట్టేయించారు. ఈ ఉత్తరం వేస్తారో లేదో చూడ్డానికైనా ఇంకో నెల తెప్పిస్తున్నాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు